కుంటుడు ఆగింది.. అరుగుడు ఆగలేదు

చార్మినార్ నుంచి ముర్గీచౌక్ దాటి హుస్సేనీ ఆలం వైపు నడిచేటప్పుడు, మధ్యాహ్నం పూట కుక్కలు ఎక్కడ పడుకుంటాయో ఒకసారి చూడండి. నిలిపిన ఆటో కింద, షట్టర్ దించిన దుకాణం చబూత్రా మీద, మాంసం కొట్టు ముందు. వాటిలో చాలావాటికి పట్టా మెడలో ఉండదు, అన్నం పెట్టే చేతులు మాత్రం నాలుగైదు ఉంటాయి. ఇక్కడ చాలామంది కుక్కను గడప దాటనివ్వరు. అలాగని గడప బయట ఆకలితోనూ ఉంచరు. గుహలో నిద్రపోయిన యువకుల కథలో గుమ్మం దగ్గర ముంగాళ్లు చాచుకుని పడుకున్న కుక్క ఖురాన్‌లో ఉన్నదే కదా.

ఆటో కింద నిద్రకు ఒక ఖరీదుంది. డ్రైవర్ చూసుకోకుండా బండి వెనక్కి తీస్తాడు, చక్రం కాలెక్కుతుంది. కుక్క కొన్నాళ్లు మూడు కాళ్ల మీద గెంతుతుంది. నెల తిరిగేసరికి నాలుగోదాన్నీ నేలకు ఆనిస్తుంది. ‘అచ్ఛా హోగయా’ అనుకుని గల్లీ అంతా మర్చిపోతుంది. ఇంట్లో పెంచే లాబ్రడార్ విషయంలోనూ ఇంతే. మెట్ల మీద జారుతుంది, వారం కుంటుతుంది, మానేస్తుంది. మనం పప్పులో కాలేసేది సరిగ్గా అప్పుడే.

గాయం మానడం వేరు, కీలు కుదుటపడడం వేరు. కుక్క వెనక మోకాలిలో పై ఎముకను, కింది ఎముకను పట్టి ఉంచే కట్టు ఒకటుంది. డాక్టర్లు క్రూసియేట్ లిగమెంట్ అంటారు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఏసీఎల్ తెగిందని నెలల తరబడి ఆటకు దూరమవుతారే, అదే. కుక్కకు మోకాలి కింది ఎముక పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది. కట్టు తెగిందంటే, అడుగు మోపిన ప్రతిసారీ ఆ ఎముక ముందుకు జారుతుంది. బందు వదులైన తలుపు నేలను గీరినట్టు లోపలి గుజ్జును గీరుతుంది. శరీరం ఊరుకోదు. కీలు చుట్టూ గట్టి పొర పేర్చి దాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. కుంటు తగ్గినట్టు కనబడేది అందువల్లే. లోపల అరుగుడు మాత్రం సాగుతూనే ఉంటుంది. కుక్కకు వయసు మీదపడి కండ తగ్గాక ఆ పాత దెబ్బ మళ్లీ బయటపడుతుంది. బరువంతా మోసి మోసి రెండో మోకాలి కట్టు కూడా తెగిన కుక్కలు తక్కువేమీ కావు.

నొప్పి ఉంటే కుయ్యిమంటుందిలే అనుకోవద్దు. కీళ్లనొప్పి ఉన్న కుక్క చాలాసార్లు అరవదు, అలవాట్లు మార్చుకుంటుంది. రోజూ స్కూటర్ ఫుట్‌బోర్డు మీదికి ఎగిరేది కింద నిలబడి మీ ముఖం చూస్తుంది. లేచేటప్పుడు ముందు కాళ్లతో ఈడ్చుకుని లేస్తుంది, పది అడుగులు వేశాక సర్దుకుంటుంది. కూర్చుంటే ఒక కాలు పక్కకు చాస్తుంది. ఒకే కీలును అదేపనిగా నాకుతుంది. రెండు తొడలనూ రెండు చేతులతో పట్టి చూడండి. ఒకటి సన్నబడితే ఆ కాలి మీద బరువు వెయ్యట్లేదని అర్థం. రెండు వెనక కాళ్లూ ఒక్కసారిగా పడిపోయి ఈడుస్తుంటే అది కీళ్ల సంగతి కాకపోవచ్చు, వెన్నుపూసది కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంకో మార్పును మనం తప్పుగా చదువుతాం. ఇన్నేళ్లూ పిల్లలతో ఆడిన కుక్క నడుము మీద చెయ్యి పడగానే గుర్రుమంటుంది, ఒక్కోసారి కరుస్తుంది. గల్లీలో వెంటనే ‘పిచ్చిది’ అనే ముద్ర పడిపోతుంది. కరిచిందంటే వాదనల్లేకుండా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పావుగంట కడిగి రేబిస్ టీకాకు పోవాల్సిందే. కానీ ఆ ముసలిదాని తుంటి ఎలా ఉందో కూడా ఎవరో ఒకరు చూడాలి. కుక్కకాట్ల మీద నగరంలో ఇంత రగడ జరుగుతోంది, ఈ కోణం మాత్రం ఎక్కడా వినపడదు.

మందుల కన్నా ముందు తిండి గురించి మాట్లాడుకోవాలి. 2002లో ప్యూరినా పరిశోధకులు 48 లాబ్రడార్ల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. కుక్కలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి జీవితమంతా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి సగటు ఆయుష్షు 13 ఏళ్లు, రెండోవాటిది 11.2. కీళ్లవాతానికి వైద్యం మొదలుపెట్టాల్సిన వయసు కూడా తక్కువ తిన్నవాటికి దాదాపు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఆ లెక్కన సోఫా మీద బిస్కెట్లు తినే కుక్క కన్నా పక్కటెముకలు చేతికి తగిలే గల్లీ కుక్కే ఒక విషయంలో అదృష్టవంతురాలు. ఇంట్లో త్రాసు లేదా? పాతసామాను కొట్టు కాటా మీద కుక్కనెత్తుకుని నిలబడండి, తర్వాత మీ బరువు తీసేయండి.

తర్వాత నేల. మెరిసే టైల్స్, గ్రానైట్ ముసలి కుక్కకు శత్రువులు. మంచం నుంచి నీళ్ల గిన్నె దాకా గోనెపట్టా పరిచినా చాలు. గోళ్లు పెరగనివ్వకూడదు, పెరిగితే పట్టు దొరకదు. ఆదివారం ఒక్కరోజే గంటసేపు పరుగెత్తించే కన్నా రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు నెమ్మదిగా నడిపించడం మేలు. కొత్త దెబ్బకు మొదటి రెండు మూడు రోజులు చల్లటి కాపడం, పాత బిగుతుకు గోరువెచ్చటిది. మెట్లెక్కాలంటే పొట్ట కింద పాత తువ్వాలు వేసి పట్టుకోవచ్చు. నీళ్లలో నడక అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. తుంటి దాకా నీళ్లుంటే కాళ్ల మీద పడే బరువు దాదాపు 38 శాతానికి దిగుతుంది.

ఇక గోళీలు. మన కీళ్లనొప్పి మాత్రను సగం విరిచి పెట్టడం ఊరంతా ఉన్న అలవాటు, ఊరంతటినీ తిట్టాల్సిన అలవాటు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికి ముప్పు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలు తిన్న రాబందులనే తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కుక్కలకు పనికొచ్చే నొప్పి మందులు లేకపోలేదు. కార్ప్రోఫెన్, మెలాక్సికామ్ అలాంటివే. వాటినీ డాక్టరే కుక్క బరువు చూసి, రక్తపరీక్షతో కాలేయం, మూత్రపిండాల సంగతి తెలుసుకుని రాయాలి. స్టెరాయిడ్‌తో కలిపి అసలు ఇవ్వకూడదు. చేపనూనె కొంత పనిచేస్తుందని ఆధారాలున్నాయి. గ్లూకోసమైన్ డబ్బాల మీద రాసినంత మాత్రం ఆ డబ్బాల్లో లేదు.

పాతబస్తీ నుంచి ప్రభుత్వ వైద్యం మరీ దూరమేమీ కాదు. నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. బహదూర్‌పురా, జూపార్కు, ఆరాంఘర్ దాటి వెళితే రాజేంద్రనగర్‌లో 1946లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది. ఎక్స్‌రే తీసి, మోకాలి కింది ఎముకను చేత్తో ముందుకు లాగి చూసి కట్టు తెగిందా లేదా చెబుతారు. పెద్ద కుక్కకు ఎముక పైభాగాన్ని కోసి వాలు తగ్గించే శస్త్రచికిత్స ఉంది. చిన్నదైతే విశ్రాంతితోనే నెట్టుకురావచ్చు.

చిక్కల్లా గల్లీ కుక్కతోనే. దానికి విశ్రాంతి అనే మాట తెలియదు, కట్టేసి ఉంచే ఇల్లూ లేదు. అన్నం పెట్టేవాళ్లు నలుగురు ఉండడం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. నలుగురూ జాలిపడి తలా ఒక గోళీ పెడితే కుక్క ప్రాణం మీదికొస్తుంది. గోళీ బాధ్యత ఒక్కరే తీసుకోవాలి, ఖాళీ కడుపున కాకుండా ఖీమా ముద్దలో పెట్టాలి. పెట్టాక ‘ఇచ్చేశా’ అని మిగతా ముగ్గురికి వాట్సాప్‌లో ఒక ముక్క కొట్టాలి. వాంతిలో నెత్తురు కనిపించినా, పెంట నల్లగా పడినా ఆ రోజు నుంచే ఆపేసి డాక్టర్‌కు ఫోన్ చేయాలి.