మనోవిషాదమునకు మందు: అమిట్రిప్టిలిన్ మేలు, కీడు

దేహమునకువలెనే మనస్సునకును వ్యాధి రావచ్చును. వారముల తరబడి నిద్రాహారములు తప్పి, పనిపై ఆసక్తి నశించి, బ్రదుకు భారమని తోచుట మనోవిషాద లక్షణము. ఇది సోమరితనము కాదు. గాలి సోకుటయు కాదు. దీనికి వాడు అమిట్రిప్టిలిన్ మాత్రను గురించి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్, ఇమిప్రమిన్ అను మందు ఇట్టి రోగులకు గుణమిచ్చుచున్నదని ప్రకటించెను. అమిట్రిప్టిలిన్ ఆ కుటుంబములోనిదే. వీని అణువులో మూడు వలయములు కలిసి యుండుటచే వీనికి త్రివలయ ఔషధములని పేరు వచ్చినది.

మెదడులోని నాడీకణములు నోరడ్రినలిన్, సెరటోనిన్ అను పదార్థముల ద్వారా ఒకదానికొకటి వార్త నందించుకొనును. పిమ్మట వార్త పంపిన కణమే ఆ పదార్థమును మరల లోనికి పీల్చుకొనును. ఈ మందు ఆ పీల్పును అడ్డగించును. పదార్థము కణముల నడుమ ఎక్కువసేపు నిలుచును. అయినను మనస్సు తేరుకొనుటకు సాధారణముగా రెండు మొదలు నాలుగు వారములు పట్టును. నాలుగు దినములు వాడి, గుణము లేదని మానివేయరాదు. గుణము కనిపించిన పిమ్మటను వైద్యుడు చెప్పకుండ హఠాత్తుగా ఆపరాదు.

దీని ఫలిత మెట్టిది? 522 పరీక్షలను పరిశీలించి 21 మందులను సరిపోల్చిన సమీక్ష యొకటి 2018లో వెలువడినది. మందులేని ఉత్తుత్తి మాత్రకంటె అన్నియు మేలనియు, వానిలో అమిట్రిప్టిలిన్ ముందువరుసలో నున్నదనియు అందు తేలెను. కాని బాధలు కలిగి దీనిని మధ్యలో మానినవారు కొన్ని కొత్త మందులకంటె ఎక్కువ. అందుచే వైద్యులు తరచు కొత్త మందులనే ముందుగా ఇచ్చుచున్నారు.

నోరెండుట, మలబద్ధకము, మగత, చూపు మసకబారుట, లేచినపుడు తల తిరుగుట ఈ మందువలన కలుగవచ్చును. గుండెజబ్బు, కంటిలో నీటికాసులు, మూత్రము బిగియుట ఉన్నవారు ముందే వైద్యునకు తెలుపవలెను. సారాయితో కలిపి పుచ్చుకొనరాదు.

అన్నిటికంటె పెద్ద అపాయము మోతాదు మించుట. అప్పుడు గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చును. చావవలెనను తలంపు గల రోగి చేతిలోనే ఈ మాత్ర యుండుట గమనింపదగినది. కావున మాత్రలను ఇంటి పెద్ద తనవద్ద భద్రపరచి, పూటకు కావలసినంతయే ఇయ్యవలెను. పిల్లలకు అందనీయరాదు. ఎవరైన ఎక్కువ మ్రింగినచో నాటువైద్యముతో కాలయాపన చేయక, 108కి చెప్పి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

పంచాయతీ సభ్యులారా! మీ గ్రామమున ఇట్టి రోగి యున్నచో ఎగతాళికి తావీయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. 2022లో ప్రారంభమైన టెలిమానస్ సంఖ్య 14416ను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. ఆ ఒక్క పంక్తి ఒక నిండుప్రాణమును నిలుపవచ్చును.