కొర్రమీను జంటను కాచుకొనుడు

చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదని సామెత. ఆ మాట నిజమే కాని, ఈత వచ్చినంత మాత్రాన కొర్రమీను పిల్ల బ్రతికి బట్టకట్టదు. దానికి మొదటి నెల రోజులు తలిదండ్రుల కాపలా కావలెను. ఆ కాపలా పోయినచో, పుట్టిన వేల పిల్లలలో వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని కూడ మిగులుట కష్టము. ఖమ్మం మైదానము మొదలు భద్రాచలం అడవుల అంచువరకు కుంటలు గల రైతు సోదరులు ఈ ఒక్క విషయమును గుర్తుంచుకొన్నచో వారి కుంటలలో కొర్రమీను తరుగదు. ఓపిక గలవారు పెరటి తొట్టిలోనే ఒక జంటను ఉంచి పిల్లలను తీసికొనవచ్చును.

కొర్రమీనును కొన్ని ఊళ్ళలో బొమ్మె అందురు. ముళ్ళు తక్కువ, రుచి ఎక్కువ. ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొను చేప గనుక, తడి ఆరనీయక ప్రాణముతోనే అంగడికి తీసికొనిపోవచ్చును. అందుచేత కట్ల, రోహులకంటె మంచి ధర పలుకును. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించినది. మృగశిర కార్తెనాడు చేపకు ఉండు గిరాకీ మీకు తెలియనిది కాదు. అయితే ఆలోచించి చూడుడు. మృగశిరకు మనము వెదకి పట్టు పెద్ద కొర్రమీనులే ఆ తొలకరిలో గ్రుడ్లు పెట్టవలసిన చేపలు.

ఒక కుంటలో జరిగిన సంగతి

రెండేండ్ల క్రిందట వానకాలములో పత్తి చేలు చూచుటకు ములకలపల్లి వైపు అడవి అంచున ఉన్న ఒక పల్లెకు వెళ్ళినాను. అక్కడ ఒక ముసలి రైతు నన్ను తన కుంట గట్టుమీదికి తీసికొనిపోయి, నీటిలో పళ్ళెమంత వెడల్పున కదలుచున్న ఎర్రని మందను చూపినాడు. అవి కొర్రమీను పిల్లలు. మంద క్రింద నల్లని నీడవలె పెద్ద చేప తిరుగుచున్నది. "ఈ యేడు బొమ్మెలకు కొదవ లేదు సారూ" అని ఆయన సంతోషించినాడు.

నాలుగు దినములకు మరల ఆ దారిని పోవుచుండగా ఆయనే ఎదురు వచ్చినాడు. "మంద లేదు సారూ. ఎవడో పిల్లగాడు గాలమేసి పెద్దదాన్ని పట్టుకపోయిండు. రెండు దినాలల్ల ఎర్రమంద అంతా మాయమైంది" అన్నాడు.

అందులో మాయ ఏమియు లేదు. కప్పపిల్లను గాలమునకు గ్రుచ్చి మందమీద ఆడించినచో, కాపలా చేప ఆకలి లేకున్నను దానిమీదికి దుముకును. పిల్లల జోలికి ఏదో వచ్చినదని దాని కోపము. కావున ఆ సమయములో దానిని పట్టుట చాల సులువు. అది పోయిన వెంటనే లకుముకి పిట్టలు, నీటిపాములు, కప్పలు, ఇతర చేపలు ఆ మందను ఊడ్చివేయును. ఒక్క పూట కూరకై కొన్ని వేల పిల్లలు పోయినవి.

ఇంకొక మాట. కాపలా ఉన్న చేపను మనవారు తల్లి అందురు. గూటివద్ద రెండును ఉండును గాని, గ్రుడ్లను పిల్లలను ఎక్కువగా కాచునది తండ్రి.

నోటిలో పిల్లలను కాచు తండ్రులు

తండ్రి కాపలా కొర్రమీనుకే పరిమితము కాదు. పట్టణములలో గాజుతొట్టెలలో రంగుచేపలను పెంచు సరదా ఇప్పుడు పెరిగినది. ఉప్పునీటి తొట్టెలు పెట్టువారు ముచ్చటపడు చేపలలో కార్డినల్ చేప ఒకటి. దానిలో బంగాయ్ అను రకము ఇండోనేషియాలోని బంగాయ్ దీవులది. దానిని పెంచువారికి మొదటి చిక్కు జంటను కలుపుట. పైకి చూచి మగదో ఆడదో చెప్పుట కష్టము. జంట కుదరని చేపలను చిన్న తొట్టిలో ఉంచినచో ఒకటి రెండవదానిని తరిమి తరిమి చంపును. అందుచేత అనుభవజ్ఞులు అయిదారు చిన్న చేపలను కలిపి పెంచి, వానిలో తమంత తాము జతపడిన రెంటిని ఉంచి తక్కినవానిని వేరుచేయుదురు. ఆడది పెట్టిన గ్రుడ్లను మగది నోటిలో ఉంచుకొని సుమారు మూడు వారములు పొదుగును. పిల్లలు వెలువడిన తరువాత కూడ మరికొన్ని దినములు నోటిలోనే కాచును. అన్నాళ్ళును అది మేత ముట్టదు. తొట్టెల వ్యాపారమునకై ఈ చేపను విపరీతముగా పట్టినందున, 2007లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అంతరించు ప్రమాదము గల జాతులలో చేర్చినది.

దీనికై సముద్రమువరకు పోనక్కరలేదు. మన దేశపు కొండవాగులలో కొర్రమీను కుటుంబమునకే చెందిన చన్నా గచువా అను జానెడు చేప కలదు. అందులో కూడ మగది గ్రుడ్లను నోటిలో ఉంచుకొని కాచును. కొర్రమీను నోటిలో ఉంచుకొనదు, గూడు కట్టి చుట్టు తిరిగి కాచును. పద్ధతి వేరైనను మనము నేర్చుకొనవలసిన పాఠములు రెండే. జంటను చేపలనే కట్టుకొననీయవలెను. కాపలాను చెడగొట్టరాదు.

తొట్టి ఏర్పాటు

ఒక జంటకు పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు గల తొట్టి చాలును. రెండడుగుల మేర నీరు ఉంచి, పై రెండడుగులు గోడ వదలవలెను. కొర్రమీను ఎగిరి దుముకును. వానరాత్రి ప్రాకి కూడ పోవును. కావున పైన వల తప్పక కప్పవలెను. వలకును నీటికిని మధ్య గాలి ఆడవలెను. పైకి వచ్చి గాలి పీల్చుటకు వీలు లేనిచో ఈ చేప నీటిలోనే ఊపిరాడక చచ్చును.

క్రొత్త సిమెంటు తొట్టిలో వెంటనే చేపలను వేయరాదు. నీరు నింపి అరటి బోదె ముక్కలు వేసి, రెండు మూడు వారములు నానబెట్టి, నడుమ నడుమ నీరు మార్చి, సున్నపు ఘాటు పోయిన తరువాతనే వాడవలెను. తొట్టిలో సగము మేర నాచు, గుర్రపుడెక్క వంటి మొక్కలు ఉంచవలెను. గుర్రపుడెక్క తొట్టి దాటి చెరువులో పడకుండ చూచుకొనవలెను.

జంటను ఏర్పరచుట

ఒక సంవత్సరము దాటిన, అరకిలో నుండి కిలో వరకు తూగు, గాయములు లేని చేపలను ఎన్నుకొనుడు. వానిని నమ్మకమైన పెంపకపుదారులవద్ద కొనుట మేలు. కిన్నెరసాని అభయారణ్యము వంటి రక్షిత ప్రాంతములనుండి తేరాదు.

వానకాలములో ఆడచేప పొట్ట గుండ్రముగా, మెత్తగా ఉండును. జననరంధ్రము ఎర్రబారి ఉబ్బియుండును. మగది సన్నగా ఉండును, దాని రంధ్రము చిన్నదిగా, పాలిపోయి ఉండును. ఇతర కాలములలో ఈ తేడా తెలియుట కష్టము.

ఒక మగదానిని, ఒక ఆడదానిని తెచ్చి వేసినంతనే జంట అయినదని తలచరాదు. రెండు ఆడవి, రెండు మూడు మగవి కలిపి వేసి నాలుగైదు దినములు ఉదయము సాయంత్రము గమనించుడు. రెండు చేపలు ఒకే మూల చేరి, ప్రక్కప్రక్కన తిరుగుచు, తక్కినవానిని దగ్గరకు రానీయక తరుముచున్నచో అదియే జంట. మిగిలినవానిని వెంటనే తీసివేయవలెను. ఆలస్యము చేసినచో గాయపడును.

జంటకు చిన్న చేపలు, వానపాములు, మాంసకృత్తులు అధికముగా గల తేలు గుళికలు మేతగా ఇవ్వవలెను. మిగిలిన మేతను తీసివేసి, వారమునకొకసారి పావువంతు నీరు మార్చుడు. తొలకరి ఆలస్యమైనచో సాయంకాలము పైనుండి చల్లని నీటిని జల్లువలె చిలుకరించవచ్చును.

హేచరీలలో హార్మోను సూదిమందు వేసి గ్రుడ్లు పెట్టించు పద్ధతి కలదు. భువనేశ్వర్ వద్ద కౌశల్యగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఈ విషయమున కృషిచేసినది. శిక్షణ లేక ఇంటివద్ద ఈ పనికి పూనుకొనవలదు.

గ్రుడ్లు, పిల్లలు

జంట మొక్కలను ప్రక్కకు నెట్టి పళ్ళెమంత ఖాళీ స్థలము చేసికొన్నచో గ్రుడ్లు పెట్టు సమయము వచ్చినదని తెలిసికొనుడు. గ్రుడ్లు పసుపుపచ్చగా నీటిపై తేలును. తెల్లబడినవి చెడినట్లు. మంచివి ఒకటి ఒకటిన్నర దినములలో పగులును. ఆ దినములలో తొట్టిలో చేయి పెట్టరాదు, దీపము వేసి చూడరాదు, పిల్లలను గట్టుమీద ఆడనీయరాదు.

మొదటి మూడు నాలుగు దినములు పిల్లలు తమ పొట్టక్రింది సొనతోనే బ్రతుకును. పిమ్మట ఎర్రబడి మందగా తిరుగును. అప్పుడు వానికి కావలసినది కంటికి చుక్కలవలె కనిపించు నీటిపురుగులు. వీనిని వారము పది దినముల ముందుగానే వేరొక తొట్టిలో పేడ, వేరుశనగ చెక్క నానబెట్టి, చెరువు నీరు కొంత కలిపి పెంచి ఉంచుకొనవలెను. మేత సిద్ధము చేయక జంటను పెట్టుట, వడ్లు లేక విందుకు పిలుచుట వంటిది.

పది పదునైదు దినములు మందను తండ్రి కాపలాలో ఉంచి, తరువాత మెత్తని గుడ్డవలతో తీసి, అడుగు లోతు నీరు గల పెంపకపు తొట్టిలోనికి మార్చుడు. ఇక్కడినుండి కాపలా భారము మీది. కొర్రమీను పిల్లకు పెద్ద శత్రువు దాని తోబుట్టువే. పెరిగిన పిల్ల చిన్నదానిని మ్రింగును. కావున అయిదు నుండి ఏడు దినములకొకసారి పెద్దవానిని, చిన్నవానిని వేరుచేయవలెను. ఆకలితో ఉంచరాదు, రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా మేత ఇవ్వవలెను. నీటిపురుగుల తరువాత ముద్దచేసిన చిన్న చేపల మాంసము, అటుపిమ్మట దానిలో గుళికల పొడి కలుపుచు, క్రమముగా గుళికలకు అలవాటు చేయవలెను.

చలికాలములో ఒంటిమీద ఎర్రని పుండ్లు కనబడినచో ఆ చేపను వెంటనే వేరుచేసి మత్స్యశాఖవారికి చూపుడు. 1988లో మన దేశమున ప్రవేశించిన పుండ్ల జబ్బు కొర్రమీనును మిక్కిలి బాధించినది.

కుంటలు గలవారికి

తొట్టి కట్టలేనివారు కూడ ఈ క్రింది పనులు చేయగలరు. వీనికి ఖర్చు లేదు.

ఎర్రమంద కనబడిన చోట గాలము, వల వేయరాదు. పిల్లలు ఎరుపు రంగు పోయి నల్లబడి, మంద విడిపోవువరకు, అనగా సుమారు నెలకు పైగా, పెద్ద చేపలను ముట్టరాదు. గట్టు ప్రక్కన లోతు తక్కువ గల చోట కొంత గడ్డి, తూడు వదలుడు, అదియే గూటి స్థలము. కట్ల, రోహు పిల్లలను వదలిన చెరువులో కొర్రమీనును వదలరాదు, ఆ పిల్లలను తినివేయును.

ఇక వ్యవసాయాధికారిగా నేను ముఖ్యముగా చెప్పవలసిన మాట. మన జిల్లాలలో పత్తికి, మిరపకు పురుగుమందులు కొట్టి, స్ప్రేయరును కుంటలో కడుగుట పలుచోట్ల చూచుచున్నాను. ఆ కడుగునీరు మొదట నీటిపురుగులను చంపును, తరువాత పిల్లలను చంపును. గాలము ఒక జంటను తీసికొనిపోవును గాని, మందునీరు కుంటనంతటిని ఖాళీ చేయును. స్ప్రేయరును చేనిగట్టున, నీటికి దూరముగా కడుగుడు. ఖాళీ డబ్బాలను నీటిలో పారవేయకుడు.

ఈ పెంపకము ప్రారంభింపదలచినవారు జిల్లా మత్స్యశాఖ కార్యాలయములో గాని, పాలేరు మత్స్య పరిశోధన స్థానములో గాని ముందుగా సలహా పొందుట మంచిది. మొదటి యేడు ఒక్క జంటతోనే మొదలుపెట్టుడు.

ఆ ముసలి రైతు మరుసటి తొలకరికి తన కుంటవద్ద ఒక ఏర్పాటు చేసినాడు. గాలము వేయు పిల్లలనే పిలిచి ఎర్రమందను చూపి, "ఇది నల్లబడేదాక దీనికి మీరే కాపలా" అని ఒప్పగించినాడు. ఆ యేడు మంద నిలిచినది. మీ ఊరి కుంటలో కూడ ఈ వానకాలము ఎర్రమంద కనబడవచ్చును. దానిని మొదట చూచినవారు మీరే అయినచో, గాలము తీసికొనిపోకుడు, ఊరిలోని పిల్లలను పిలుచుకొనిపోయి చూపుడు.