పెట్టెడి చేయి, పండించెడి చేయి

అన్నదానమును గూర్చి మన దేశమున వ్రాయబూనుట సముద్రతీరమున ఉప్పు నమ్మబోవుట వంటిది. అయినను పెట్టినవారెవరు, తిన్నవారెందఱు అని లెక్కించుటయే మనకు వాడుక గాని, ఆ గింజను పండించినవాడెవడు, వానికేమి ముట్టినది అని విచారించుట అంతగా అలవాటు లేదు. ఈ ప్రశ్నను అమెరికా సంయుక్త రాష్ట్రములు కొన్ని యేండ్లపాటు గట్టిగానే వేసికొని, పిమ్మట నడిమధ్యను విడిచిపెట్టినవి. ఆ కథ మన పాఠకులు తెలిసికొనదగియున్నది.

ఆ ధనికదేశమున ఆకలియు మిగులును చిరకాలముగా ఒకే యింట కాపురముండినవి. 1933లో ధరలు పడిపోయినవని ప్రభుత్వమే సుమారు 60 లక్షల పందులను, పందిపిల్లలను కొని చంపించెను. నగరములలో జనులు రొట్టెముక్కకై బారులు తీరిన దినములవి. లోకులు ఛీకొట్టగా, ఆ యేటి అక్టోబరులోనే మిగులు సరకును బీదలకు చేర్చుటకొక సంస్థను స్థాపించిరి. 1967లో ఫీనిక్సు నగరమున జాన్ వాన్ హెంగెల్ అనునాతడు మొదటి ఫుడ్ బ్యాంకును నెలకొల్పెను. అంగళ్లవారు పాఱవేయబోవు సరకే దానికి మూలధనము. 1981 డిసెంబరులో గిడ్డంగులలో పేరుకొనిపోయిన చీజును రీగను ప్రభుత్వము పంచిపెట్టెను. ఇట్లు ఒకరికి అక్కఱలేనిది మఱియొకరికి దానమగుట అచ్చట ఆచారమైపోయినది. దానిని మేము తూలనాడము. పాఱవేయుటకంటె పెట్టుట మేలే. కాని అట్టి దానమువలన రైతునకు చిల్లిగవ్వయు ముట్టదు.

2020లో మహమ్మారి వచ్చి భోజనశాలలును బడులును మూతపడగా, పాడిరైతులు కొనువారు లేక పాలను నేలపాలు చేసిరి. అదేనాళ్లలో న్యూయార్కు నగరమున ఫుడ్ బ్యాంకుల యెదుట బారులు పెరిగినవి. అప్పుడు ఆ రాష్ట్రప్రభుత్వము 2.5 కోట్ల డాలర్లను ఫుడ్ బ్యాంకుల చేతికిచ్చి, ఆ రాష్ట్రపు రైతుల సరకును కొని పంచుడని చెప్పెను. ‘నరిష్ న్యూయార్క్’ అని దానికి పేరు. 2021 నవంబరులో దానిని శాసనముగా స్థిరపఱచిరి.

చేపలవారి సంగతి ఇంకను చిత్రమైనది. ఈశాన్యమూలనున్న మెయిను రాష్ట్రమున హ్యాడాక్, పోలాక్, హేక్ అను చేపలను పట్టి, పోర్టులాండు రేవులోని వేలము కొట్టున అమ్ముదురు. ఆ దేశమున జనులు చేపకై వెచ్చించు సొమ్ములో ఎక్కువ పాలు భోజనశాలలకే పోవుచుండెను. భోజనశాలలు మూతపడగానే ధర కూలినది. పట్టిన చేప నూనె ఖర్చునకైనను చాలనప్పుడు పడవను ఒడ్డున కట్టివేయుట తప్ప వేఱు మార్గమేది? అచ్చటి మత్స్యకారుల సంఘము 2020లో చందాలును గ్రాంటులును కూడగట్టి, తానే కొనుగోలుదారుగా నిలిచి, న్యాయమైన ధరకు చేపను కొనసాగినది. ఆ చేపను స్థానికపు పనివారిచేత ముల్లుతీయించి కోయించి, బడిపిల్లలకును ఫుడ్ బ్యాంకులకును పంపినది. పడవవానికి కిట్టుబాటు, కోతపనివానికి కూలి, బిడ్డకు మంచి చేప. ఒక్క రూకతో మూడు పనులు! అదియుగాక, వేలములో నమ్మకమైన కొనుగోలుదారొకడుండినచో మిగిలిన సరకు ధరయు పాతాళమునకు దిగదు. వర్తకమెఱిగినవారికి ఈ కిటుకు వివరింపనక్కఱలేదు.

కేంద్రప్రభుత్వమును ఈ త్రోవనే పట్టినది. 2021 డిసెంబరులో 40 కోట్ల డాలర్లు ప్రకటించి, తరువాత ఆ మొత్తమును 90 కోట్లవఱకు పెంచి, రాష్ట్రములకును ఆదిమజాతుల ప్రభుత్వములకును ఇచ్చినది. కొనెడి సరకు ఆ రాష్ట్రమునందుగాని, చేరవలసినచోటికి 400 మైళ్లలోపలగాని పండియుండవలెనని నియమము. పెద్ద కంపెనీలకు గాక, చిన్నరైతులకును వెనుకబడిన రైతులకును చేయూతనిచ్చుట ఉద్దేశము.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. అదే డబ్బుతో పెద్ద బేహారివద్ద కొన్నచో ఎక్కువ బస్తాలు వచ్చునుగదా, ఆకలిగొన్నవానికి బస్తా ముఖ్యమా, రైతు పేరు ముఖ్యమా అని అడుగువారున్నారు. ఆ లెక్క తప్పని మేమనము. ఆకుకూరయు చేపయు చల్లని గదులు లేనిచో రెండునాళ్లలో చెడును. వాటికి వేఱు వ్యయము కావలెను. కాని చిన్నరైతు చితికి, రేపు వాడే ఆ బారులో నిలిచినచో, ఆ ఖర్చు ఏ ఖాతాలో వ్రాయుదురు?

ఇంతలో 2025 మార్చిలో క్రొత్త ప్రభుత్వము ఆ యేటికి నిర్ణయమైయున్న సహాయమును రద్దుచేసినది. బడులకు ఉద్దేశించిన 66 కోట్ల డాలర్లతో కలిపి, పోయినది నూఱు కోట్లకు పైమాట. ఈ పథకములు శాఖ లక్ష్యములకు ఇక ఉపకరింపవని చెప్పిన కారణము. మార్చి యనగా ఆ దేశమున విత్తుకాలము. ఒప్పందమును నమ్మి విత్తనములు కొన్నవారు, కూలీలను కుదుర్చుకొన్నవారు ఎవరిని అడుగవలెను? సహాయమే చేయకుండుట ఒకయెత్తు. చేసెదమని చెప్పి దున్నించి, పిదప చేయి తీసివేయుట మఱియొకయెత్తు. శాసనముగా నిలిచినదానికిని, కార్యాలయపు ఉత్తరువుతో నడచినదానికిని గల భేదమును న్యూయార్కు రైతు ఎఱిగియుండును.

మన సంగతి కొంచెము చెప్పుకొందము. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909లో పరమపదించువఱకు వచ్చినవారికెల్ల పెట్టిన అన్నము తమ పొలమున పండినదే. అచ్చట పెట్టెడి చేయియు పండించెడి చేయియు ఒకే యింటివి. పూర్వపు సత్రములకు మాన్యములుండుటయు ఇందుకే. మాన్యములు పోయినవి, ఇప్పుడు పెక్కు సత్రములు బజారున టెండరు పిలిచి కొనుచున్నవి. మఱియొకవంక, మన తీరపు రొయ్యలరైతు దూరదేశమునే నమ్ముకొనగా, 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై 50 శాతమువఱకు సుంకము మోపినది. చెఱువుగట్టున ధర తల్లడిల్లినది. ఆ చెఱువునకు పది మైళ్లలోపల విద్యార్థుల వసతిగృహములున్నవి. అందలి పిల్లలలో మాంసాహారులకు ఆ రొయ్య ఏడాదికొక్కసారియైనను వడ్డింపబడినదా?

మా జిల్లాల ధర్మకర్తలను, వసతిగృహాధికారులను మేము అడుగునది చిన్న సంగతి. గడచిన మాసమున కూరగాయలు, పప్పులు, చేపలు ఎచ్చట కొంటిరి, ఎంత దూరమునుండి తెచ్చిరి, అందులో రైతునకు చేరినదెంత? లెక్క పంపినచో ఈ పుటలోనే ప్రకటింతుము.