రణపాల ఆకు పొద్దున్నే ఎందుకు పులుస్తుంది?

సూరత్‌లో వాన దాదాపు అంతా జూన్–సెప్టెంబరు మధ్యే కురిసిపోతుంది. మిగతా నెలల్లో డాబా మీది కుండీలో, గంటల్లాంటి పూలు పూసే రణపాల ఎలా బతుకుతుంది? మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది కాబట్టి అంటారు. నిజమే, కానీ దాచిన నీరు ఆవిరైపోకూడదు కదా! అందుకే అది ఆకు రంధ్రాలను రాత్రి చల్లబడ్డాకే తెరుస్తుంది. మరి ఎండ లేనిదే ఆహారం ఎలా? రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచి, పగలు రంధ్రాలు మూసుకుని దాన్నే వాడుకుంటుంది. పొద్దున ఉండే పులుపు ఎండెక్కేకొద్దీ తగ్గేది ఇందుకే. ఒకప్పుడు సామర్లకోట తోటను చూసుకున్న బెంజమిన్ హైనే ఈ మార్పును వివరించిన లేఖ 1815లో అచ్చయింది. మీరు మాత్రం ఆకు నమలకండి, పసరులో పీహెచ్ కాగితం ముంచితే చాలు.

నీళ్లు దాచుకునే మొక్క కదా, మరి జడివానలు రణపాలకు పండగేనా? కాదు. కుండీలో నీరు నిలిస్తే వేర్లు కుళ్లుతాయి. సూరత్‌లో రణపాలకు ఎండకన్నా నిలవ నీరే పెద్ద ముప్పు.