షేర్ ఫోల్డర్ ఉన్న సర్వర్‌కి అప్‌డేట్ ఎప్పుడు, ఎలా?

ఎపిసోడ్‌లో చెప్పింది ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. సైట్ ఆఫీసు డ్రాయింగులన్నీ ఒక లినక్స్ సర్వర్‌లో ఉన్నాయి, మిగతా మెషీన్లకు ఎన్‌ఎఫ్‌ఎస్‌తో షేర్ చేశారు అనుకోండి. ఈ ఎన్‌ఎఫ్‌ఎస్ 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు తెచ్చింది. ఎక్కడో ఉన్న ఫోల్డర్ మన మెషీన్‌లోదే అన్నట్టు కనిపిస్తుంది.

చిక్కంతా అప్‌డేట్ రోజే. కెర్నల్ మారితే మామూలుగా సర్వర్ రీబూట్ చెయ్యాలి. ఆ కాసేపు షేర్ ఉండదు. అప్పుడు ఏమవుతుందనేది మౌంట్ చేసిన పద్ధతిని బట్టి ఉంటుంది. హార్డ్ మౌంట్ అయితే సర్వర్ వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. ప్రోగ్రాం బిగుసుకుపోయినట్టు ఉంటుంది గానీ, సర్వర్ లేవగానే పని సాగుతుంది. సాఫ్ట్ మౌంట్ అయితే కొన్నిసార్లు చూసి ఎర్రర్ ఇచ్చేస్తుంది. ఆ ఎర్రర్‌ని ప్రోగ్రాం పట్టించుకోకపోతే ఫైల్ పాడవ్వచ్చు, కొత్త రివిజన్ సేవ్ కాకుండానే పోవచ్చు. పాత రివిజన్ చూసి స్టీలు కట్టి కాంక్రీటు పోశామంటే, తర్వాత పగలగొట్టాల్సిందే!

అందుకే ఫైళ్లు రాసే ఫోల్డర్‌కి హార్డ్ మౌంటే పెట్టండి. అప్‌డేట్‌కి ముందు రోజే అందరికీ టైం చెప్పండి. ఫైళ్లు మూయించి, క్లయింట్లలో అన్‌మౌంట్ చేసి, బ్యాకప్ తీసుకున్నాకే మొదలుపెట్టండి. రీబూట్ అయ్యాక మళ్లీ మౌంట్ చేసి, ఒక చిన్న ఫైల్ రాసి, ఇంకో మెషీన్‌లో తెరిచి చూడండి. అది తెరుచుకున్నాకే పనిలోకి రమ్మని చెప్పండి.

ఇంత తలనొప్పి ఎందుకని అప్‌డేట్లే మానేయకండి. సెక్యూరిటీ లోపాలు మూసేది అవే కదా.