తొలి డీజిల్ షంటింగ్ ఇంజను: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ 1925 అక్టోబరులో ఒక షంటింగ్ ఇంజనును, అంటే యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ జరిపే ఇంజనును, పనిలోకి తీసుకుంది. దాని నంబరు 1000. బరువు 60 టన్నులు, శక్తి 300 హార్స్‌పవర్. ముందు వెనుకలు ఒకేలా ఉండే పెట్టె ఆకారం, రెండు కొసల్లోనూ డ్రైవరు గది, పైకప్పు మీద రేడియేటర్లు, కింద రెండు బోగీల్లో నాలుగు ఇరుసులు. ఇది మూడు సంస్థల ఉమ్మడి నిర్మాణం. పైపెట్టె, చట్రం అమెరికన్ లోకోమోటివ్ కంపెనీవి. రైల్వే లోకం ఈ కంపెనీని ఆల్కో అంటుంది. జనరేటరు, మోటార్లు, కంట్రోలు జనరల్ ఎలక్ట్రిక్‌వి. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను ఇంగర్‌సోల్-రాండ్‌ది. రైలు చరిత్రలో ఇంత పేరున్న ఇంజన్లు తక్కువ. దాని గురించి ప్రచారంలో ఉన్న పొరపాటు మాటలూ తక్కువేమీ కావు.

అపోహ: ప్రపంచంలో మొట్టమొదటి డీజిల్ రైలింజను ఇదే.

కాదు. 1912లోనే స్విట్జర్లాండ్‌లో వింటర్‌థుర్ – రోమన్స్‌హార్న్ దారిలో ఒక డీజిల్ రైలింజను పట్టాలెక్కింది. సుల్జర్ సంస్థ తయారుచేసిన ఆ యంత్రం వెనుక రుడాల్ఫ్ డీజిల్, అడాల్ఫ్ క్లోజ్ ఉన్నారు. అందులో డీజిల్ ఇంజను చక్రాలను నేరుగా తిప్పేది. నిలబడి ఉన్న బండిని కదిలించడానికి దానికి సంపీడన గాలి సాయం కావలసి వచ్చేది. అది పరీక్షల దశ దాటలేదు. మరుసటి ఏడాది స్వీడన్‌లో డీజిల్-ఎలక్ట్రిక్ రైలుకారు ఒకటి ప్రయాణికులతో నడిచింది. దాని శక్తి 75 హార్స్‌పవర్ మాత్రమే. సోవియట్ రష్యా కోసం లొమొనొసోవ్ బృందం రూపొందించిన పెద్ద డీజిల్-ఎలక్ట్రిక్ ఇంజను 1924లో జర్మనీలో తయారైంది. అదే ఏడాది లెనిన్‌గ్రాడ్‌లో గాకెల్ రూపకల్పనలో మరొకటి వచ్చింది.

అమెరికాలో సైతం ఇది మొదటి ప్రయత్నం కాదు. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ తన సొంత డీజిల్ ఇంజనుతో చేసిన షంటరును బ్రూక్లిన్‌లోని జే స్ట్రీట్ కనెక్టింగ్ రైల్‌రోడ్‌కు ఇచ్చింది. అది నిలదొక్కుకోలేదు, కొన్ని నెలలకే తిరిగి తయారీదారు దగ్గరికి వెళ్లింది. 1000 నంబరు ఇంజను గొప్పతనం తొలి ప్రయోగం కావడంలో లేదు. ఒక రైల్వే సంస్థ డబ్బు పెట్టి కొని, యార్డులో పనికి పెట్టి, మూడు దశాబ్దాల పాటు వాడుకుంది. అమెరికాలో వ్యాపారపరంగా నెగ్గిన తొలి డీజిల్-ఎలక్ట్రిక్ షంటరు అనడం సరైన మాట. ‘ప్రపంచంలో మొదటిది’ అనే బిరుదు కన్నా ఇది విలువైనదే.

అపోహ: డీజిల్ ఇంజనే చక్రాలను తిప్పుతుంది.

బస్సు, లారీ చూసిన కళ్లకు ఇది సహజంగా తోచే ఊహ. డీజిల్-ఎలక్ట్రిక్ ఇంజనులో జరిగేది వేరు. డీజిల్ ఇంజను జనరేటరును తిప్పుతుంది. ఆ కరెంటు ఇరుసులకు బిగించిన ట్రాక్షన్ మోటార్లకు వెళుతుంది. చక్రాలను కదిలించేది ఆ మోటార్లు. డీజిల్ ఇంజనును చక్రాలతో నేరుగా కలిపే ఇరుసు గానీ గేరు గానీ లేదు, జనరేటరుకూ మోటార్లకూ మధ్య తీగలే ఉన్నాయి. ఒక రకంగా ఇది తన కరెంటును తానే తయారు చేసుకునే విద్యుత్ ఇంజను.

ఈ చుట్టుదారి ఎందుకంటే, డీజిల్ ఇంజను ఆగి ఉన్న స్థితిలో బలం ఇవ్వలేదు. కనీస వేగంతో తిరుగుతూ ఉంటేనే అది పనిచేస్తుంది. రైలు కదలడానికి అత్యధిక బలం కావలసింది మాత్రం సరిగ్గా నిలబడి ఉన్నప్పుడే. డీసీ ట్రాక్షన్ మోటారు గుణం దీనికి అచ్చంగా సరిపోతుంది, సున్నా వేగం దగ్గరే దాని తిప్పుడు బలం ఎక్కువ. డీజిల్ ఇంజను తనకు అనువైన వేగంలో తిరుగుతూ ఉంటే, మోటార్లు మెల్లగా, బలంగా బండిని లాగుతాయి.

డీజిల్ రైలింజన్లన్నీ ఈ పద్ధతివే అనుకోవడమూ తప్పే. భారతదేశంలో చిత్తరంజన్ కర్మాగారం తయారుచేసిన డబ్ల్యూడీఎస్-4 షంటర్లు డీజిల్-హైడ్రాలిక్ రకం. వాటిలో శక్తి నూనె ప్రవాహం ద్వారా చక్రాలకు చేరుతుంది.

అపోహ: మంచి డీజిల్ ఇంజను దొరకగానే సమస్య తీరిపోయింది.

ఇంజను, జనరేటరు, మోటారు, మూడూ అంతకుముందే ఉన్నాయి. వాటిని ఒకదానితో ఒకటి పొందికగా నడిపించడమే చిక్కు. పాత పద్ధతుల్లో డ్రైవరు ఇంజను వేగాన్నీ జనరేటరు ఉత్తేజాన్నీ విడివిడిగా సరిచూసుకోవాలి. జనరేటరు మీద బరువు ఎక్కువ పడితే ఇంజను ఆగిపోతుంది. తక్కువ పడితే శక్తి వృథా. నిమిషానికోసారి ఆగి, కదిలి, దిశ మార్చే యార్డు పనిలో ఇది అయ్యే పని కాదు.

దీనికి దారి చూపినవాడు హెర్మన్ లెంప్. స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికా చేరి, ఒకప్పుడు ఎడిసన్ దగ్గర పనిచేసిన ఇంజనీరు ఆయన. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఆయన రూపొందించిన కంట్రోలు పద్ధతిలో డ్రైవరు చేతిలో ఉండేది ఇంజను వేగాన్ని నిర్ణయించే ఒక్క లివరు. ఆ వేగంలో ఇంజను ఎంత శక్తి ఇవ్వగలదో అంతే భారం జనరేటరు తనంతట తాను తీసుకుంటుంది. 1924లో 8835 అనే నంబరుతో తయారైన నమూనా ఇంజనును న్యూయార్కు యార్డుల్లోనూ ఇతర రైల్వేల దగ్గరా తిప్పి చూశారు. ఆ పరీక్షలు సఫలమయ్యాకే ఆల్కో మిగతా రెండు సంస్థల కూటమిలో చేరి, అమ్మకానికి ఇంజన్లు కట్టడం మొదలైంది. తరువాత వచ్చిన డీజిల్-ఎలక్ట్రిక్ ఇంజన్లకు లెంప్ సూత్రమే పునాది అయింది. ఇంతటి మనిషి పేరు రైలు అభిమానులలోనూ కొద్దిమందికే తెలియడం అన్యాయం.

 

అపోహ: ఆవిరి ఇంజను కన్నా బలమైనది కాబట్టి డీజిల్‌ను కొన్నారు.

1925లో మెయిన్ లైను ఆవిరి ఇంజన్ల శక్తి వేల హార్స్‌పవర్లలో ఉండేది. వాటి పక్కన 300 హార్స్‌పవర్ లెక్కలోకి రాదు. కొనుగోలుకు అసలు కారణం న్యూయార్కు నగరం, దాని పొగ.

1902 జనవరి 8న మాన్‌హట్టన్‌లోని పార్క్ అవెన్యూ సొరంగంలో పొగ, ఆవిరి కమ్ముకుని సిగ్నల్ కనబడక ఒక రైలు మరో రైలును వెనుక నుంచి గుద్దింది. పదిహేను మంది చనిపోయారు. మాన్‌హట్టన్‌లోకి ఆవిరి ఇంజన్లు రాకుండా మరుసటి ఏడాది చట్టం తెచ్చారు. 1923లో వచ్చిన కౌఫ్‌మన్ చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. 1926 జనవరి 1 నుంచి నగర పరిధిలో విద్యుత్ శక్తితోనే రైళ్లు నడపాలని ఆదేశించింది. ఆ గడువు తరువాత సడలింది గానీ, అప్పటికే రైల్వేలు వెతుకులాట మొదలుపెట్టాయి.

ప్రయాణికుల మార్గాలకు కరెంటు లైన్లు వేయవచ్చు. సరుకు యార్డుల సంగతి వేరు. 1000 నంబరు ఇంజను పనిచేసిన బ్రాంక్స్ టెర్మినల్ హార్లెం నది ఒడ్డున ఉన్న చిన్న యార్డు. మిగతా రైలు మార్గాలతో దానికి పట్టాల సంబంధమే లేదు. వ్యాగన్లు పట్టాలు పరిచిన బల్లకట్టు పడవల మీద నీటి దారిలో వచ్చేవి. గుండ్రటి గూడ్సు షెడ్డు చుట్టూ చాలా బిగువైన మలుపులు. ఇలాంటి చోట కొన్ని వ్యాగన్ల కోసం సబ్‌స్టేషను కట్టి, ప్రతి సైడింగుకూ తీగలు లాగడం ఏ లెక్కనా గిట్టదు. తీగలు అక్కర్లేకుండానే మోటార్లతో నడిచే ఇంజను చట్టాన్నీ తృప్తిపరిచింది, ఖర్చునూ తప్పించింది. బాల్టిమోర్ అండ్ ఒహైయో రైల్‌రోడ్ అదే రకం 1 నంబరు ఇంజనును మాన్‌హట్టన్‌లోని 26వ వీధి యార్డుకు తీసుకున్నదీ ఇందుకే. అక్కడికీ వ్యాగన్లు నీటి మీదే వచ్చేవి.

చట్టమే డీజిల్ ఇంజనును పుట్టించిందనడం మాత్రం అతిశయోక్తి. ప్రయోగాలు చట్టానికి ముందే సాగుతున్నాయి. చట్టం చేసింది కొనేవాళ్లను తెచ్చిపెట్టడం.

అపోహ: 300 హార్స్‌పవర్ రైలు పనికి చాలదు.

ఇక్కడ శక్తికీ లాగుడు బలానికీ ఉన్న తేడా గుర్తుంచుకోవాలి. శక్తి అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. షంటింగులో వేగం మనిషి పరుగంత ఉన్నా ఎక్కువే. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో, నష్టాలు తీసివేసినా, 300 హార్స్‌పవర్ ఏడెనిమిది టన్నుల లాగుడు బలం ఇస్తుంది. సమతలమైన తిన్నని పట్టాలపై వెయ్యి టన్నుల బరువును మెల్లగా కదపడానికి అది చాలు. పైగా ఇంజను మొత్తం బరువు మోటార్లున్న చక్రాల మీదే పడుతుంది. తిప్పుడు బలం ఒడిదుడుకులు లేకుండా వస్తుంది కాబట్టి చక్రం జారడం తక్కువ. ఇంకా ఎక్కువ కావలసినవారికి రెండు డీజిల్ ఇంజన్లు పెట్టిన 100 టన్నుల, 600 హార్స్‌పవర్ రకాన్నీ కూటమి తయారు చేసింది. లాంగ్ ఐలండ్ రైల్‌రోడ్ తీసుకున్నది దాన్నే.

యార్డులో డీజిల్‌కు అసలైన బలం మరోచోట ఉంది. ఆవిరి షంటరును పనికి సిద్ధం చేయాలంటే గంటల ముందే నిప్పు రాజేయాలి. నీళ్లు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద దులపాలి, బాయిలరు కడగాలి. పని లేకుండా నిలబడినా బొగ్గు కాలుతూనే ఉంటుంది. బొగ్గు వేడిలో పదో వంతు కూడా చక్రాలకు చేరదు. డీజిల్ షంటరుకు ఈ బాధలు లేవు. మూడు షిఫ్టుల్లో రోజంతా పనిచేయగల యంత్రం, రోజులో కొంత భాగం షెడ్డులో గడపక తప్పని యంత్రం కన్నా ఖరీదైనా చివరికి చవకే. తరువాతి కాలంలో మెయిన్ లైన్లలోనూ ఆవిరి ఓడిపోవడానికి ఇదే పెద్ద కారణమైంది.

అపోహ: డీజిల్ రాగానే ఆవిరీ మాయమైంది, ఫైర్‌మనూ మాయమయ్యాడు.

ఆ మార్పుకు మూడు దశాబ్దాలు పైనే పట్టింది. 1925 నుంచి 1928 దాకా ఈ కూటమి నుంచి వచ్చిన ఇంజన్ల సంఖ్య చాలా తక్కువ. అమెరికా ప్రధాన రైల్వేల్లో ఆవిరి పూర్తిగా ఆగింది 1960 ప్రాంతంలో. ఆవిరి ఇంజనులో మంట చూసుకునే ఫైర్‌మన్ కూడా డీజిల్ ఇంజన్లలో చాలాకాలం ఉన్నాడు. రైల్వేలకూ కార్మిక సంఘాలకూ మధ్య కుదిరిన 1937 నాటి ఒప్పందం ప్రకారం చక్రాలపై 90,000 పౌండ్ల కన్నా బరువున్న ఇంజనులో ఫైర్‌మన్ ఉండి తీరాలి. ఆ హద్దు దాటకుండా ఉండేందుకే 1940లో జనరల్ ఎలక్ట్రిక్ 44 టన్నుల షంటరును తెచ్చింది.

అపోహ: జనరల్ మోటార్స్‌తోనే డీజిల్ షంటరు మొదలైంది.

జనరల్ మోటార్స్ అనుబంధ సంస్థ ఎలక్ట్రో-మోటివ్ షంటర్లు 1935లో, అంటే 1000 నంబరు ఇంజను వచ్చిన పదేళ్లకు, మార్కెట్‌లోకి దిగాయి. భారీ ఉత్పత్తి, మార్కెట్ విస్తరణ ఆ సంస్థ ఘనతే. మొదలుపెట్టిన ఘనత మాత్రం దానిది కాదు.

అపోహ: ఆ ఇంజను తుక్కుకు పోయింది, ఆల్కో వారసత్వం కూడా దానితోనే ముగిసింది.

1000 నంబరు ఇంజను 1957 దాకా సర్వీసులో ఉంది. ఇప్పుడు బాల్టిమోర్‌లోని బీ అండ్ ఓ రైల్‌రోడ్ మ్యూజియంలో ఉంది. బాల్టిమోర్ అండ్ ఒహైయో 1 నంబరు సెయింట్ లూయిస్ రవాణా మ్యూజియంలోనూ, ఇంగర్‌సోల్-రాండ్ తన కర్మాగారంలో వాడిన 90 నంబరు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

ఆల్కో 1928లో ఈ కూటమి నుంచి విడిపోయింది. మరుసటి ఏడాది మెకింటాష్ అండ్ సీమూర్ అనే డీజిల్ ఇంజన్ల సంస్థను కొని సొంత దారి పట్టింది. 1969లో అమెరికాలో రైలింజన్ల తయారీ ఆపేసింది. అప్పటికే దాని నమూనాలు భారతదేశం చేరాయి. ఆల్కో సహకారంతో నెలకొన్న వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1964లో తొలి డబ్ల్యూడీఎం-2ను బయటికి తెచ్చింది. కాజీపేట, గుత్తి, విశాఖపట్నం షెడ్లకు చెందిన ఈ రకం ఇంజన్లు తెలుగునాట దశాబ్దాల పాటు ప్యాసింజర్లనూ గూడ్సులనూ లాగాయి. డబ్ల్యూడీఎం-2లో ఉన్నది ఆల్కో 251 శ్రేణికి చెందిన పదహారు సిలిండర్ల ఇంజను. అదే శ్రేణిలోని ఆరు సిలిండర్ల ఇంజనుతో తయారైన డబ్ల్యూడీఎస్-6 భారతీయ యార్డులకు షంటరు అయింది.