మరపించే పండు

గ్రీకు మహాకవి హోమర్ 'ఒడిస్సీ' కావ్యంలో లోటస్ అనే మొక్కను పేర్కొన్నాడు. తేనెవలె తియ్యనైన దాని పండును తిన్న నావికులు స్వదేశాన్నే మరచిపోయారు. నాయకుడు వారిని ఓడలో కట్టివేసి తీసుకుపోవలసి వచ్చింది. పేరు అదే అయినా ఇది మన తామర కాదు. ఈ కథ జరిగిన చోటు నేటి ట్యునీషియాలోని జెర్బా దీవి అని ప్రాచీనులు తలచారు. ఉత్తర ఆఫ్రికా మెట్టనేలల్లో పెరిగే 'జిజిఫస్ లోటస్' అనే పొదయే ఆ మొక్క అని పలువురి ఊహ. ఇది మన రేగుకు దగ్గరి చుట్టం. అవే ముళ్ళు, అవే చిన్న పూలు, కండ నడుమ గట్టి టెంక. రేగుపండ్లు తిని ఇల్లు మరచినవారిని మనమెరుగం! తొమ్మిది దినాలు పెనుగాలికి కొట్టుకొనివచ్చిన వారిని మరపించడానికి తీపి ఒక్కటే చాలునేమో. ఈ పండ్లను ధాన్యంతో కలిపి దంచి జాడీలలో నిలువ చేసేవారనీ, నీటిలో నానబెట్టి నలిపి మద్యం తీసేవారనీ, అది పది దినాలకు మించి నిలిచేది కాదనీ క్రీ.పూ. 2వ శతాబ్దపు చరిత్రకారుడు పొలీబియస్ రాశాడు.